పొలములో ఉన్న మనిషి లెక్కలో ఉండవద్దా?

వ్యవసాయాధికారి, బి.యస్.సి. (అగ్రికల్చర్), విస్సన్నపేట

రైతు లెక్కల మనిషి. ఎకరమునకు ఎంత విత్తనము పోసినది, ఎన్ని బస్తాల ఎరువు చల్లినది, దుక్కికెంత, నాట్లకెంత, కోతకెంత అయినది, కడకు ఎన్ని బస్తాలు ఇంటికి చేరినది, ఏ రైతు నడిగినను నోటితో చెప్పగలడు. మా శాఖవారము కూడ లెక్కల మనుష్యులమే. వానను మిల్లీమీటర్లలో కొలుతుము. సర్వే నంబరు వారీగా పైరు వ్రాయుదుము. పంట కోత ప్రయోగములో గింజను తూకము వేసి దిగుబడి కట్టుదుము. ఇన్ని లెక్కల నడుమ ఒక్క ప్రశ్నకు మాత్రము మా దస్త్రములలో సరియైన జవాబు దొరకదు. ఈ సేద్యము చేసినది ఎవరు?

విస్సన్నపేట మండలములో ఏ ఊరి పొలిమేరకైనను వెళ్లి చూడుడు. వరి నాటు వేయు ముఠాలో వంగిన నడుములన్నియు ఆడవారివే. పత్తి తీయునది వారే. మొక్కజొన్న కండె విరుచుటలోను, ఎండబెట్టుటలోను సగము శ్రమ వారిది. మామిడి తోటలో చెట్టెక్కి కాయ కోయువాడు మగవాడు కావచ్చును. దిగిన కాయను సొన తుడిచి, దెబ్బ తగిలినది వేరుచేసి, చిన్న పెద్ద ఏరి పెట్టు చేతులు ఆడవారివి. ఇక పాడి సంగతి చెప్పనక్కరలేదు. గడ్డి కోయుట, కుడితి పెట్టుట, పేడ తీయుట, పాలు పితుకుట, ఈనిన గేదెను రాత్రి లేచి చూచుకొనుట, వీనిలో మగవాడు చేయునది చాల ఇండ్లలో పాలకేంద్రమునకు క్యాను మోయుట మాత్రమే. పాల డబ్బు జమ పుస్తకము మీద పేరు అతనిది.

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పిరి. పొలము చూచి ఇల్లాలిని చూడుమని ఎవరును చెప్పలేదు. అందువలననే కాబోలు మనము చూచుట లేదు.

నేను చేసిన పొరపాటు

ఇతరులకు చెప్పుటకు ముందు నా తప్పు నేను ఒప్పుకొనుట న్యాయము. 2023వ సంవత్సరములో నేను వేరొక మండలములో పనిచేయుచుంటిని. అచట ఒక గ్రామములో ముప్పది అయిదేండ్ల వితంతువు ఎకరమున్నర మాగాణి సాగు చేయుచుండెను. భర్త పోయి రెండేండ్లయినది. అన్నదమ్ముల పొలము నోటిమాటగా పంచుకొన్నదే గాని కాగితము మీద పంపకము కాలేదు. పాసుపుస్తకము బావగారి పేర ఉన్నది. ఆ ఖరీఫులో ఆమె చేనికి సుడిదోమ తగిలినది. ఆమె నన్ను గట్టు మీద ఆపి, "బాబూ, దుబ్బు మొదట్లో ఈ పురుగేమిటో చూసి చెప్పండి" అని అడిగినది. నేను దిగి చూచితిని. నీరు తీసివేసి చేను ఆరగట్టుమని, పాయలు తీయుమని, మందు దుబ్బు మొదలు తడియునట్లు కొట్టించుమని చెప్పితిని. ఆమె అట్లే చేసి పైరు కాపాడుకొన్నది.

ఈ-పంట నమోదుకు ఆమె బావగారు వచ్చెను. నాలుగెకరములు మేమే సాగు చేయుచున్నామనెను. వ్రాసినది సహాయకుడు, సరిచూచినది నేను, వేలిముద్ర వేసినది బావగారు. పని ముగిసినది.

డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినది. ఆమె కోసి పనల మీద ఉంచిన వరి నీటిలో నాని మొలకెత్తినది. తరువాత పెట్టుబడి రాయితీ వచ్చినపుడు నాలుగెకరముల సొమ్మును బావగారి ఖాతాలో పడినది. పాత బాకీ క్రింద చెల్లు వేసికొన్నానని ఆయన చెప్పెనట. ఆమె నా వద్దకు వచ్చి ఏడువలేదు, తిట్టలేదు. "పంట పోయింది నాకు బాబూ, డబ్బులొచ్చినయ్యేమో ఆయనకి. నేను సేద్యం చేసినట్టు మీకు తెలుసుగా?" అన్నది. అంతే.

నేను దస్త్రము తెరచి చూచితిని. భూమి ఎవరిది అనుటకు ఒక చోటు, సాగు చేయువారు ఎవరు అనుటకు వేరొక చోటు అందులో ఉన్నవి. రెండవ చోట ఆమె పేరు ఉండవలసినది. ఆమెకు సుడిదోమకు మందు చెప్పినది నేనే. ఆమె పేరు వ్రాయించనిదియు నేనే. నా కండ్లకు ఆమె పొలములో కనబడినది, నా కలమునకు కనబడలేదు. ఆ దినము నుండి ఈ లెక్కల సంగతి నాకు చిన్న సంగతిగా తోచుట లేదు.

ఒక ప్రశ్న మారిన ఎంత మారునో

ఇది నా ఒక్కని పొరపాటే అయిన ఈ వ్యాసము వ్రాయనక్కరలేదు. దేశపు జనాభా లెక్కలలోనే ఈ కథ జరిగినది. 1961 జనాభా లెక్కలలో, సేద్యము, పాడి వంటి పనులలో పని ఋతువున ఎక్కువ భాగము దినమునకు గంటకు పైగా క్రమముగా పనిచేసిన వారిని పనివారిగా వ్రాసిరి. అప్పుడు దేశములో పనిచేయు స్త్రీలు సుమారు 5.9 కోట్లుగా తేలిరి. 1971లో ప్రశ్న మార్చిరి. నీ ముఖ్యమైన పని ఏది అని అడిగిరి. ఇంటి పని ముఖ్యమని చెప్పిన స్త్రీ పొలములో ఎంత పనిచేసినను పనివారి లెక్కలో చేరలేదు. ఆ లెక్కలో పనిచేయు స్త్రీలు సుమారు 3.1 కోట్లకు దిగిరి. ఆ పదేండ్లలో దేశ జనాభా 44 కోట్ల నుండి 55 కోట్లకు పెరిగినదని జ్ఞాపకముంచుకొనవలెను. మొత్తము స్త్రీలలో పనివారు 100కి 28 మంది నుండి 12 మందికి తగ్గిరి.

ఆ పదేండ్లలో ఆడవారు నాట్లు మానిరా? కలుపు తీయుట మానిరా? లేదు. అడిగిన తీరు మారినది, అంతే.

1974లో స్త్రీల స్థితిగతులను గూర్చిన సంఘము తన నివేదిక ఇచ్చినది. స్త్రీల పని తీరును గూర్చి అటు పిమ్మట చర్చ పెరిగినది. 1981లో ముఖ్య పనివారు, ఉపాంత పనివారు అని రెండు తరగతులు చేసిరి. సంవత్సరములో 183 దినములకు తక్కువ పనిచేసిన వారిని రెండవ తరగతిలో వ్రాసిరి. 1991లో మరియొక మంచి మార్పు జరిగినది. గత సంవత్సరములో ఏమాత్రమైనను పనిచేసితివా అను ప్రశ్నకు, సొంత పొలములోను కుటుంబ వృత్తిలోను కూలి లేకుండ చేసిన పని కూడ కలుపుకొని అను మాటలు చేర్చిరి. ఆ నాలుగు మాటల విలువ పల్లెలో తిరిగినవారికి తెలియును. కూలి పుచ్చుకొనకుండ మన చేనిలో మనము చేయునది పని కాదని మన ఆడవారే అనుకొనుచుందురు.

రెండు లెక్కలు, రెండు జవాబులు

2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో సొంతముగా గాని కౌలుకు గాని సేద్యము చేయువారు 11.88 కోట్లు. అందులో స్త్రీలు 3.60 కోట్లు, అనగా 100కి 30 మంది. వ్యవసాయ కూలీలు 14.43 కోట్లు, అందులో స్త్రీలు 6.16 కోట్లు. అదే దేశములో 2015-16 వ్యవసాయ గణన ప్రకారము కమతములలో స్త్రీల పేర ఉన్నవి 100కి 14 మాత్రమే. ఆ కమతముల విస్తీర్ణము ఇంకను తక్కువ, 100 ఎకరములలో 12 ఎకరములు. రెండును ప్రభుత్వపు లెక్కలే. ఒకటి 30 అనుచున్నది, రెండవది 14 అనుచున్నది. ఏది నిజము?

రెండును తాము అడిగిన ప్రశ్నకు నిజమే. జనాభా లెక్క మనిషిని అడిగినది. వ్యవసాయ గణన, భూమి రికార్డులు ఉన్న రాష్ట్రములలో, తన తొలి దశను ఆ రికార్డుల నుండియే తయారు చేయును. కమతదారు అనగా సేద్యపు బాధ్యత వహించి నిర్ణయములు చేయు వ్యక్తి అని ఆ గణన నిర్వచనము చెప్పుచున్నది. కాని ఆ వ్యక్తిని వెదకునది పట్టాదారు పేరులో. నిర్వచనము చేతిని గూర్చి, ఆధారము పేరును గూర్చి. ఈ రెంటికి నడుమ నా ఎకరమున్నర వితంతువు జారిపోయినది.

ఈ గణన 1970-71లో మొదలయ్యెను. అందులో స్త్రీ పురుషుల లెక్క వేరుగా తీయుట 1995-96 నుండియే మొదలైనది. మొదటి పాతికేండ్లు దేశములో కమతదారులలో స్త్రీలు ఎందరో అడిగినవారే లేరు.

మన రాష్ట్రమునకు ఇందులో ఒక మంచి పేరు ఉన్నది. 2015-16లో ఆంధ్రప్రదేశ్‌లో కమతదారులలో స్త్రీలు సుమారు 30 శాతము. పెద్ద రాష్ట్రములలో ఇది ఎక్కువ. దీనికి కారణములు ఉన్నవి. ఆడపిల్లకు పసుపు కుంకుమల క్రింద భూమి ఇచ్చు ఆచారము మన ప్రాంతమున పాతది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కు ఇచ్చు సవరణ మన రాష్ట్రములో 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చినది. అది తెచ్చిన ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు గారి పేరనే ఇప్పుడు మన జిల్లా ఉన్నది. దేశమంతటికి అట్టి హక్కు 2005 సెప్టెంబరు 9 నుండి గాని రాలేదు.

కాని ఈ 30ని చూచి మురిసిపోరాదు. 1973 భూసంస్కరణల చట్టము తరువాత భార్య పేర, కుమార్తె పేర భూమి వ్రాసిన ఇండ్లు మనమెరుగనివి కావు. అట్టి చోట పట్టా ఆమెది, పెత్తనము అతనిది. ఆమె తన సర్వే నంబరు చెప్పలేదు. వేరొక ఇంటిలో పట్టా అతనిది, సేద్యమంతయు ఆమెది. లెక్క మొదటి ఇంటిలో లేని స్త్రీ రైతును చూపుచున్నది, రెండవ ఇంటిలో ఉన్న స్త్రీ రైతును దాచుచున్నది. ఎక్కువ తక్కువలు కలిసి సరిపోవునని అనుకొనరాదు. ఒక ఇంటికి కలుగు మేలు వేరొక ఇంటి నష్టమును పూడ్చదు. కావున పట్టాదారు ఎవరు, సేద్యపు నిర్ణయము ఎవరిది, పని ఎవరిది అను మూడు ప్రశ్నలను విడివిడిగా అడుగవలెనని నా అభిప్రాయము.

ఇంటి పని, పొలము పని

ఊరిలో ఏ స్త్రీ నడిగినను "నేనేం చేస్తానండీ, ఇంట్లోనే ఉంటాను" అనును. ఆమె అట్లనుచు ఉండగా ఒక చేత గేదె పగ్గము ఉండును. ప్రభుత్వపు శ్రమ సర్వేలలో ఇట్టివారికి ఒక అంకె ఉన్నది. ఇంటి పనులు మాత్రమే చేయువారికి 92. ఇంటి పనితోబాటు వంటచెరకు, కూర ఆకు, పశువుల మేత తెచ్చుట, ఇంటి మట్టుకు కుట్టుట వంటివి చేయువారికి 93. ఈ రెండంకెలలో పడినవారు పనివారి లెక్కలో చేరరు. పది మోపుల గడ్డి కోసి నాలుగు గేదెలను సాకు స్త్రీని 93లో వేయవలెనా, కుటుంబ సేద్యములో సహాయకురాలిగా వేయవలెనా అనునది అడుగువాని ఓర్పు మీద ఆధారపడియున్నది. పాలు అమ్ముదురా అని ఇంకొక ప్రశ్న వేసిన ఆమె పనివారిలో చేరును. వేయకున్న చేరదు.

అదే సర్వేలలో 15 ఏండ్లు దాటిన స్త్రీలలో శ్రమలో పాల్గొనువారు 2017-18లో 100కి 23 మంది, 2023-24లో 42 మంది. ఇందులో నిజముగ పెరిగిన పని ఎంత, ఇదివరకు కనబడని పని ఇప్పుడు కనబడుట ఎంత అను చర్చ పండితులలో జరుగుచున్నది. పల్లెలో పనిచేయు స్త్రీలలో 100కి 77 మంది వ్యవసాయములోనే ఉన్నారని 2023-24 సర్వే చెప్పుచున్నది. కావున ఆ చర్చ ఎట్లు తేలినను అది మన శాఖకు సంబంధించిన సంగతియే.

దినములో ఏ గంట దేనికి పోవునో కనుగొను కాలవినియోగ సర్వే మన దేశమంతట మొదటిసారి 2019లో, రెండవసారి 2024లో జరిగినది. రెండవ దాని ప్రకారము ఇంటిలో కూలి లేని పనిచేయు స్త్రీలు దానికి దినమునకు 289 నిమిషములు వెచ్చించుచున్నారు. అనగా అయిదు గంటలకు కొంచెము తక్కువ. పురుషులలో అట్టి పని చేయువారు 88 నిమిషములు. పొలము నుండి వచ్చి మగవాడు కాళ్లు కడుగుకొని కూర్చుండును. ఆమె పొయ్యి రాజేయును. నాటు ముఠా ఉదయము ఏడింటికి పొలములో దిగవలెనన్న ఆమె ఎన్నింటికి లేచియుండునో లెక్క వేసికొనుడు.

లెక్క లేనందున నష్టమేమి?

పేరు వ్రాసిన నేమి, వ్రాయకున్న నేమి, పని ఆగునా అని కొందరు అడుగుదురు. నష్టము పొలములోనే ఉన్నది. పత్తి చేనులో మందు కొట్టువాడు మగవాడు. మరునాడు అదే చేనిలో కలుపునకు దిగునది ఆడవారు. కొట్టిన పిమ్మట ఎన్ని దినములు చేనిలోనికి పోరాదో, నీరు తెచ్చి మందు కలుపునపుడు చేతికి ఏమి తొడుగుకొనవలెనో మేము చెప్పునది రైతు సమావేశమునకు వచ్చినవారికి. వచ్చునది పాసుపుస్తకములోని పేరువాడు. విషము ఒకరి ఒంటికి, హెచ్చరిక ఇంకొకరి చెవికి.

మందు కొట్టు డబ్బా పదహారు లీటర్లది నింపిన ఇరువది కిలోలు తూగును. అది ఎవరి వీపు కొలతకు చేసినది? భువనేశ్వరములో వ్యవసాయమందలి మహిళల కొరకు కేంద్ర పరిశోధనా సంస్థ 1996 నుండి పనిచేయుచున్నది. స్త్రీల చేతికి, ఎత్తునకు అనువైన పనిముట్లను గూర్చి అచట పరిశోధన జరుగుచున్నది. ఒక మండలమునకు అట్టివి ఎన్ని కావలెనో అడుగవలెనన్న ఎందరు స్త్రీలు ఏ పని చేయుచున్నారో మాకు తెలియవలెను గదా. యంత్రముల పథకములో స్త్రీలకు సబ్సిడీ 50 శాతము, ఇతరులలో పెద్ద రైతులకు 40 శాతము. దీనివలన మగవాడే భార్య పేర దరఖాస్తు పెట్టుచున్నాడు. మా నివేదికలో స్త్రీ లబ్ధిదారు ఒకరు పెరిగిరి. ఆమె ఆ యంత్రమును తాకియుండలేదు. మంచి ఉద్దేశముతో పెట్టిన నిబంధనకు చెడ్డ లెక్క తోడైన ఇట్లే జరుగును.

కౌలు స్త్రీల కష్టము ఇంకను ఎక్కువ. 2019 పంట సాగుదారు హక్కుల చట్టము కౌలుదారునకు పదునొకండు నెలల పత్రము ఇచ్చుచున్నది. భూమి హక్కునకు దాని వలన భంగము లేదు. అయినను యజమాని సంతకము కావలెను. పెద్దలను సంతకము అడుగుట మగవారికే కష్టముగ ఉన్నది. ముఠాగా కూడి రెండెకరములు మక్తాకు చేయు స్త్రీలు ఆ గడప తొక్కుటకే జంకుదురు.

ఇతర దేశములు నేర్చుకొన్నది

ఇది మన ఒక్క దేశపు సంగతి కాదు. 1995లో బీజింగులో జరిగిన ప్రపంచ మహిళా సభ, ప్రతి దేశమును లెక్కలను స్త్రీ పురుషులకు వేరువేరుగా తీసి ప్రకటింపవలెనని కోరినది. మన కేంద్ర గణాంక శాఖ స్త్రీ పురుషుల లెక్కలతో వేరుగా ఒక గ్రంథము ప్రచురించుచు వచ్చినది. 2013లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘము అన్ని దేశములకు సమానమైన 52 కొలతల పట్టిక నంగీకరించినది. అదే సంవత్సరము అంతర్జాతీయ శ్రమ గణాంక సభ, ఇంటి వాడకమునకు చేయు ఉత్పత్తియు, కూలి లేని సేవయు పనియేనని నిర్వచనము మార్చినది. 2030 నాటికి చేరవలసిన లక్ష్యములలో, వ్యవసాయ భూమి మీద హక్కు గల స్త్రీలు ఎందరో చెప్పవలెనను కొలత ఒకటి ఉన్నది.

వీని అన్నిటిలో పల్లెకు పనికివచ్చు పాఠము ఒక్కటే. ఉగాండా, మంగోలియా, ఫిలిప్పీన్స్ మొదలగు దేశములలో ఆస్తి లెక్కలను పరీక్షించి చూచిన పిమ్మట ఐక్యరాజ్యసమితి 2019లో మార్గదర్శకములు ప్రకటించినది. ఇంటికి ఒకరిని అడిగి అందరి తరఫున వ్రాయరాదనియు, ఎవరి సంగతి వారినే అడుగవలెననియు అందు చెప్పిరి. ఎంత సులువైన మాట! నేను ఆ బావగారిని గాక ఆమెను అడిగియున్న చాలును.

కొన్ని ఆక్షేపణలు

మొదటిది. ఆడవారు తమకు తాముగా అడుగుట లేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అందురు. కందకు దురద లేదని ఎవరు చెప్పిరి? అడుగు చోటికి ఆమెను రానిచ్చితిమా? పొలము పని దినమున, ఊరి చావడి వద్ద, మగవారి నడుమ పెట్టిన సభకు ఆమె వచ్చి నోరు విప్పవలెననుట న్యాయము కాదు.

రెండవది. ఆమె పేరు సాగుదారుగా ఎక్కిన రేపు భూమి తనదనునేమో అను భయము. ఈ భయము వలననే కౌలుదారుల పేర్లు కూడ దాచుచున్నారు. పంట నమోదు పంటకు సంబంధించినది, హక్కునకు కాదు. ఒకవేళ ఆమెకు చట్టప్రకారము భాగమే ఉన్న, పేరు దాచినంత మాత్రమున అది పోదు. తగవు మాత్రము పెరుగును.

మూడవది గ్రామోద్యోగులది. ఇప్పటికే నమోదులు, ఫోటోలు, వేలిముద్రలు, గడువులు ఊపిరి సలుపనీయవు, ఇంకొక గడియా అందురు. వారి కష్టము నేనెరుగుదును, నాదియు అదే. కాని కొత్త గడి అడుగుట లేదు. ఉన్న గడిలో ఉన్న మనిషి పేరు వ్రాయుమనుచున్నాను. తప్పు వ్రాసిన పిమ్మట వచ్చు అర్జీలు, విచారణలు, తిరుగుళ్లు మొదట ఒక ప్రశ్న అడుగు శ్రమకంటె ఎక్కువ.

మనము చేయదగిన పనులు

గ్రామోద్యోగులకు, రైతుసేవా కేంద్రముల సహాయకులకు నా మనవి ఇది. సాగుదారు పేరు వ్రాయునపుడు పాసుపుస్తకము చూచి నకలు చేయక, ఈ చేనిలో విత్తనము ఏది వేయవలెనో ఎవరు నిర్ణయించిరని అడుగుడు. వితంతువులు, భర్త వలస పోయినవారు, భర్త మంచమున పడినవారు, కౌలు ముఠాలు మీ ఊరిలో ఎవరో మీకు తెలియును. ఆ పేర్ల చిట్టా ముందే వ్రాసికొని, వారి గడపకు మీరే వెళ్లుడు. ముసాయిదా జాబితాను కేంద్రము గోడకు అంటించి ఊరకుండక, పొదుపు సంఘము కూడిన దినమున చదివి వినిపించుడు. పొరపాట్లు అక్కడ తేలినట్లు ఇంకెక్కడను తేలవు. 2025లో మన రాష్ట్రములో మొదలైన రైతు విశిష్ట సంఖ్య నమోదు భూమి రికార్డు మీద ఆధారపడినది. కావున పంపకము కాని భూములు, చనిపోయినవారి పేర ఉన్న భూములు ముందుగా సరిచేయించుట మంచిది.

రైతు సోదరులకు ఒక మాట. తమ్ముడు పోయిన ఇంటిలో మరదలు సేద్యము చేయుచున్న, ఆమె పేరు మీరే చెప్పి వ్రాయించుడు. పాలకేంద్రము ఖాతా పాలు పితుకువారి పేరనుండిన మీ ఇంటికి పోవునదేమియు లేదు.

స్త్రీ రైతులకు ఒక మాట. నేనేం చేస్తాను అనకుడు. అడిగినపుడు మీ చేను, మీ పశువులు, మీరు చేయు పని స్పష్టముగ చెప్పుడు. పట్టా మీ పేర ఉన్న, సర్వే నంబరు, విస్తీర్ణము నేర్చుకొనుడు.

ఇప్పుడే ఈ మాట వ్రాయుటకు కారణము ఉన్నది. 2024లో ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరమును అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరముగ ప్రకటించినది. సభలు, సన్మానములు, శాలువలు జరుగును. అంతకంటె ముఖ్యమైనది జనాభా లెక్క. 2021లో జరుగవలసిన లెక్క జరుగలేదు. 2025 జూన్ 16న వెలువడిన ప్రకటన ప్రకారము మన ప్రాంతమునకు 2027 మార్చి 1 గణన దినము. ఈ మారు ఫోనులోను, మనంతట మనమే వివరములు ఎక్కించుకొను వీలు కల్పించిరి. మంచిదే. కాని ఇంటిలో ఫోను ఎవరి చేతిలో ఉన్నదో ఆ చేయే అందరి పని వ్రాయును. పని అను ప్రశ్న వచ్చినపుడు ఫోను ఆమె ముందుంచి ఆమె నోటనే జవాబు చెప్పించుడు. 1971లో ఒక ప్రశ్న వలన మరుగైనవారిని 2027లో మన ఇంటి మనుష్యులమే మరుగుపరచరాదు. అప్పుడు వ్రాసిన అంకె మీదనే పదేండ్లు పథకములు నడుచును.

ఆ వితంతువు మరుసటి ఖరీఫులో తన పేరనే పంట వ్రాయించుకొన్నది. బావగారు కొంత గొణిగి ఒప్పుకొనెను. పోయిన రాయితీ మాత్రము తిరిగి రాలేదు, దానిని తెచ్చి ఇచ్చుట నా చేత కాలేదు. వేలిముద్ర వేయునపుడు ఆమె మొదటి మారు గీతలు పడలేదు. గడ్డి కోసి, నాటు వేసి వ్రేళ్లు అరిగిపోయినవి. చేయి తుడుచుకొని రెండవసారి వేసినది, మూడవసారి వేసినది, నాల్గవసారికి యంత్రము ఒప్పుకొన్నది. ఆ అరిగిన వ్రేలికంటె ఆమె రైతు అనుటకు వేరే సాక్ష్యము కావలెనా?